కాలు పెట్టే చోటు

రోహిణి ఎండలు పోయి రెండు వానలు పడితే చాలు
జొన్నగిరి చేలల్లో యాడ చూసినా జనమే.
బళ్ళారి నుంచి, గుంతకల్లు నుంచి
సద్దిమూటలు కట్టుకోని వచ్చి
తడిసిన మట్టిలో మెరిసే రాయి కోసం
పొద్దుగూకేదాకా నడుములు వంచి ఎతుకుతారు.
అంతమందిలో నా మొగుణ్ణి గుర్తుపట్టేది సులువు.
వాళ్ళు వజ్రం ఉండే చోటు చూస్తారు,
ఈయన కాలు పెట్టే చోటు చూస్తాడు.

పేరు కంబగిరి.
సాపర్ల పటాలంలో ఇరవైనాలుగేండ్లు చేసి
హవల్దారుగా దిగినాడు.
ఊరికి మాత్రం మిల్ట్రీ కంబన్న.

పెండ్లయినాక ఆయన ఇంట్లో ఉన్న దినాలు
ఒకసారి బుడ్డ విత్తనాలు పోసి లెక్కేసినా,
సెలవుకొక కుప్ప.
అన్నీ కలిపినా మూడున్నరేండ్లు దాటలే.
ఆ మూడున్నరేండ్లలోనే
ఇద్దరు బిడ్డలు,
నీళ్ళు పడని బోరొకటి, పడిన బోరొకటి,
రేకుల కొట్టం పోయి స్లాబు.

"రాజస్థాన్ ఇసకలో మేము పూడ్చిన మందుపాతర్లు
మళ్ళా మేమే తీసినాము"
అని ఒక రాత్రి చెప్పినాడు. అంతే.
మిగిలింది ఆయన చేతుల్ని చూసి తెలుసుకున్నా.
బియ్యంలో రాళ్ళు ఏరేటప్పుడు
చేట కదలదు, ఊపిరి కూడా వినపడదు.

దసరా వస్తే మదనపల్లి పక్క ఒక పల్లెకి ఫోన్ చేస్తాడు.
అవతల ఎవురో పెద్దామె.
"తిన్యావా అమ్మా" అంటాడు.
ఆమె ఏమంటాదో.
ఇద్దురూ శానాసేపు ఫోను పట్టుకోని ఉంటారు.

రిటైరై వచ్చినాక పత్తికొండ బ్యాంకు గేటు కాడ
జోడు గొట్టాల తుపాకీ పట్టుకోని తొమ్మిదేండ్లు నిలబడినాడు.
"అది పేలుతాదా తాతా?" అని పిల్లోళ్ళు అడిగితే
"పేలకుండా చూసేకే నాకు జీతం" అనేవాడు.

నాకు గర్భసంచి తీసినప్పుడు
కర్నూలు పెద్దాస్పత్రిలో పదకొండు రాత్రులు
నా మంచం కింద తుండుగుడ్డ పరుచుకోని పండినాడు.
నర్సమ్మ అరిస్తే లేచి నిటారుగా నిలబడి
"డ్యూటీ మేడం" అన్నాడు.
నాకు నవ్వొచ్చి కుట్లు సలిపినాయి.

ఇప్పుడు తెల్లారి నాలుగింటికే లేస్తాడు.
మనవరాలు తనూజ బూట్లకు పాలిష్ పెడతాడు,
వాటిలో దాని మొగం దానికి కనపడాల.
జడ మాత్రం ఇంకా వంకరగానే వేస్తాడు.
అది ఏమీ అనదు, బడి గేటు దాటినాక విప్పుకుంటాది.

మొన్న ఆదివారం ఆ పిల్లే పట్టుపట్టి
వజ్రాలకని ఇద్దర్నీ చేలల్లోకి లాక్కపోయింది.
చెనిక్కాయ చేను గట్టు కాడ
మట్టిలో నుంచి ఏందో తళుక్కుమంటే
అది చెయ్యి చాపింది.

"ఆగు."

నలభైరెండేండ్ల కాపురంలో
ఆ గొంతు నేను వినలే.
చుట్టుపక్కల జనం కూడా వంచిన నడుములు వంచినట్టే ఆగిపోయినారు.
ఆయన బోర్లా పండుకున్నాడు.
వేళ్ళతో పక్కనుంచి, ఏటవాలుగా,
చిన్నబిడ్డ కంట్లో నలుసు తీసినట్టు మట్టి తోసినాడు.
ఎంతసేపో.
నా చెమట నాకే చల్లగా తగిలింది.

పౌడరు డబ్బా మూత.

ఎవురో నవ్వినారు. తనూజ నవ్వలే.
"తాతా, ఒట్టి మూతే."
"ఒట్టిదే" అన్నాడు, "మంచిదే కదమ్మా."
లేవలేక కాసేపు అట్లనే కూచున్నాడు.
మూతను చొక్కాకు తుడిచి జేబులో వేసుకున్నాడు.
మెడళ్ళుండే గుండీల డబ్బాలోనే పడుంటాది అది ఇప్పుడు.

వచ్చేటప్పుడు మళ్ళా చినుకులు పడినాయి.
"నా అడుగులో అడుగేసి రాండి" అన్నాడు.
ముందు ఆయన, వెనక పిల్ల, దాని వెనక నేను.
నా చెప్పు బురదలో ఇరుక్కుంది.
పీకబోతే, "వద్దు" అని వెనక్కొచ్చి
మోకాళ్ళ మీద కూచోని
పక్కనుంచి మట్టి తోసి
మెల్లిగా తీసి నా చేతికిచ్చినాడు.