సకర్మక క్రియ

గ్రిమ్స్‌బీ రేవులో పగటి షిఫ్టు వదిలాక
లైబ్రరీ మేడమీది గదిలో
మంగళవారం ఇంగ్లీషు.
హిలరీ థాక్రే టీచరు బోర్డు మీద రాసింది:
సెలబ్రేట్.
"ఇది సకర్మక క్రియ, పక్కన కర్మ లేందే నిలబడదు.
పుట్టినరోజు. పెళ్ళి. గెలుపు.
తలా ఒక వాక్యం చెప్పండి."

డైవా వేళ్ళకి ఇంకా కాడ్ చేప వాసన.
"శుక్రవారాన్ని సెలబ్రేట్ చేస్తాను" అని ఆవలించింది.
వాక్యం బాగుంది, వారమే పొడుగు.

లెటెబ్రహాన్ కాగితం మీద
"నేను నా తాళంచెవిని సెలబ్రేట్ చేశాను."
టీచరు ఎర్రపెన్ను తెరిచింది.
వస్తువుని కాదమ్మా,
అది దొరకడాన్ని.
ఆమె జేబులోంచి తీసి బల్ల మీద పెట్టింది.
పద్నాలుగు నెలలు ఆరుగురితో ఒకటే గది,
స్నానాలగదికి గడియ లేదు.
"మొన్న తలుపు మూశాను,
తెరిచాను,
మళ్ళీ మూశాను.
ఎవర్నీ పిలవలేదు."
ఎర్రపెన్నుకి మూత పడింది.

చివరి బల్ల జెనోన్‌ది.
డెబ్బై ఒకటి దాటినా వలలు కుట్టే చేతులు.
"ప్రతి నవంబరూ మా ఆవిడ చావుని సెలబ్రేట్ చేస్తాను."
ఎవరో కిసుక్కుమన్నారు.
అయ్యో, దానికి వేరే క్రియ ఉంది, అంది టీచరు.
మా పోలిష్‌లో రెంటికీ ఒకటే, అన్నాడు,
విప్పి చూస్తే, చుట్టూ తిరగడం.
"సమాధి చుట్టూ తిరుగుతాను.
సముద్రపు గాలికి దీపం ఆరిపోతుంది, వెలిగిస్తాను,
ఆరిపోతుంది.
దీన్ని ఇంకేమనాలి?"

టీచరు నిఘంటువు తిప్పింది.
ఇంకో అర్థం, కింద, చిన్న అక్షరాల్లో:
పాదిరీ బలిపూజ జరిపించుట.
పోయినవాళ్ళకీ జరిపిస్తారు కదా, అన్నాడు జెనోన్.
ఆమె ఆ పేజీలోనే చాలాసేపు ఉండిపోయింది.

వెనక వరసలో నాకు నా తెలుగు గుర్తొచ్చింది.
కర్మంటే మాకు వ్యాకరణం ఒక్కటేనా,
పదకొండో రోజు చేసేదీ అదేగా.
పండగనీ జరుపుతాం,
అడ్డొస్తే కుర్చీనీ జరుపుతాం.

తొమ్మిదికి గది ఖాళీ చెయ్యాలి.
డైవా అప్పుడే మెట్లు దిగిపోయింది, బస్సుకి.
జెనోన్ ఇంకా లేవలేదు,
తన వాక్యాన్నే
గుండ్రటి అక్షరాల్లో మళ్ళీ రాసుకుంటున్నాడు.
మేం అతని చుట్టూ తిరిగి
మిగతా కుర్చీలు జరిపాం.