వేలెడు పోచ

లాక్లన్ మళ్ళీ మోకాళ్ళ మీద కూర్చున్నాడు.
ఆక్లండ్ జులై చలి, నానిన మట్టి,
చేతిలో రొట్టె కోసే పాత కత్తి.

"కికుయు గడ్డిని తెంపకూడదు, లాగాలి" అంటాడు
ఎవరూ అడక్కపోయినా.
తెంపితే ఒకటి రెండవుతుందట.

తెల్లటి కాడలు, కణుపు కణుపుకీ వేరు.
సిమెంటు బాట కింద దూరి
అవతల ఏమీ ఎరగనట్టు తలెత్తుతాయి.
బకెట్లో పడేస్తే బకెట్లోనే చిగురిస్తాయి.
మందు కొట్టాడు. రెండు వేసవులు నల్లపట్టా కప్పి ఉంచాడు.
తీసి చూస్తే
పాలిపోయి ఉంది, బతికే ఉంది.

పక్కింటి ఫెటూతో పదకొండేళ్ళుగా మాటల్లేవు,
గడ్డి అటునుంచే వచ్చిందని.

నేను చెప్పలేదు.
ఆ ఏడు మా చెల్లెలి పెరట్లోంచి
హైడ్రేంజియా అంటు తెచ్చింది నేనే.
కుండీలో ఓ వారగా
వేలెడు పోచ, లేత పచ్చగా.
ముచ్చటేసి ఉండనిచ్చాను.

ఇవాళ ఫెటూ కంచె దాకా వచ్చాడు.
కాసేపు చూశాడు.
ఏమీ అనకుండా తన పార ఇటు అందించాడు.
లాక్లన్ అందుకున్నాడు.

పొయ్యి మీద టీ నీళ్ళు మరుగుతున్నాయి.
మూడు కప్పులు తీశాను.
కడిగినవే,
మళ్ళీ కడుగుతున్నాను.