పలక తరిగేకొద్దీ

ముప్పై ఒక్క ఏళ్లు పడవ ఇంజన్ల కింద పడుకున్నవాణ్ణి,
రంగుల సంగతి నన్నడక్కండి.
నాకు తెలిసినవి రెండే: గ్రీజు, గ్రీజు కానిది.
థోరా రెండల్ నన్ను పిలిచింది కూడా
చక్రం తిప్పడానికే.

వాళ్ల అమ్మమ్మ దుప్పట్లు పిండిన రోలర్ యంత్రం
ఉప్పుగాలికి బిగుసుకుపోయి కొట్టంలో పడుంటే
బోల్టులు విప్పి, కిరసనాయిలు తాగించి
నేనే లేపి నిలబెట్టాను.
ఇప్పుడది నీళ్లు పిండదు.
కొండల్ని పిండుతుంది.

స్ట్రోమ్‌నెస్ రేవులో ఆ గది కిటికీ తెరిస్తే
జలసంధి, దానవతల హోయ్ దీవి కొండలు.
ఆవిడ మాత్రం వాటికి వీపు పెట్టి కూర్చుంటుంది.
"చూస్తూ చెక్కితే కొండ చెప్పినట్టు వినాల్సొస్తుంది."

లినోలియం పలకని పొయ్యి దగ్గర వెచ్చబెడితే
ఉలికి వెన్నలా లొంగుతుంది.
ముందు తెల్లగా ఉండాల్సినవి తవ్వేసింది:
నురగ, ఒక గొర్రె,
చర్చి గోడ మీద పడ్డ ఎండ.
మిగతాదంతా పసుపు.
పద్దెనిమిది కాగితాల మీద
కొండ పసుపు, సముద్రం పసుపు, వాన కూడా పసుపే.
"ఊరంతటికీ పచ్చకామెర్లు వచ్చినట్టుందే" అన్నాను.
తలెత్తకుండానే "ఆగు" అంది.

మా గాలికి ఒళ్లంతా తేమ. రంగు ఆరడానికి వారం.
బట్టల క్లిప్పులతో తీగకి వేలాడే
పద్దెనిమిది రోగిష్టి ఊళ్లు.
ఈలోగా ఆవిడ అదే పలకని మళ్లీ చెక్కుతుంది,
పసుపుగా మిగలాల్సినంత మేరా తీసేస్తుంది.
దాని మీద నారింజ. మళ్లీ తవ్వి, చిలకపచ్చ.
కాగితం మీద ఊరు పెరిగేకొద్దీ
పలక మీద ఊరు తరిగిపోతుంటుంది.
పోయిన వారపు పచ్చ ఇంకొక్క కాగితానికి కావాలన్నా
ఆ పచ్చని అచ్చొత్తిన గడ్డి
ఇప్పుడు నా బూట్ల కింద పొట్టు.

పైగా అంతా తిరగేసి.
ఎడమన ఉన్న లైట్‌హౌస్ కుడివైపు చెక్కుతుంది.
నేను పనిచేసిన పాత పడవని కూడా పెట్టింది, అడక్కుండానే.
పలక మీద అది ఇంటికి వస్తోంది.
కాగితం మీద బయల్దేరి పోతోంది.
ఏది నిజమో తేల్చమని నేనడగలేదు.

నాలుగోది ఊదా. ఆ రోజు ఉలి జారింది.
కొండ భుజం నుంచి కింద దాకా
వంకరగా, దారప్పోగంత గీత.
మా తాతలు తుఫానుని తిట్టే మాటతో తిట్టింది.
మైనం పూడ్చి చూసింది. రోలర్‌కి అంటుకుని ఊడొచ్చింది.
నేను టీ పెట్టాను,
నాకు చేతనైన మరమ్మతు అదొక్కటే.

మర్నాడు గీతతో సహా అచ్చు వేసింది.
ఊదా కొండ మీద సన్నటి పచ్చ.
గుడ్లు ఇవ్వడానికొచ్చిన బాబ్స్ ఇస్బిస్టర్,
హోయ్‌లో పుట్టిన మనిషి,
బుట్ట కింద పెట్టి చాలాసేపు చూసింది.
"ఇది మా నాన్న పీట్ మట్టి మోసిన దారి.
నీకెవరు చెప్పారు?"
వేలు పెట్టబోయి, రంగు ఆరలేదని ఆగిపోయింది.
అరవై ఏళ్లుగా ఆ కొండని చూస్తున్నాను,
అక్కడ దారి లేదు.
ఆ మాట నేను అనలేదు. థోరా కూడా అనలేదు.
ఆ పూట గుడ్లకి డబ్బులు తీసుకోలేదు బాబ్స్.

ఏడో రంగు దాదాపు నలుపు.
ఒకదానిమీద నా బొటనవేలు, రెండింటి మీద పిల్లి,
నాలుగు అంచులు కుదరక పోయాయి.
పద్దెనిమిదికి మిగిలినవి పదకొండు.

అరిగిన పలక నాకిచ్చేసింది.
నా పనిముట్ల గోడకి మేకు కొట్టి తగిలించాను.
నాలుగు కంచె గుంజలు, రాతి అంచు, ఒక నీడ,
ఇంకేం లేదు దాని మీద.
రాత్రి దీపం ఆర్పాక తడిమి చూశాను.
కొండ ఉండాల్సిన చోట గుంట.
ఆ గీత కోసం వేలితో వెతికాను.
చుట్టూ ఉన్న కొండే పోయాక
గీత ఎక్కడని దొరుకుతుంది.