ఒంటి తుమ్ము

ఏనుమాముల యార్డుల ఎనిమిదో షెడ్డు.
బస్తాల నడుమ మనిషి పట్టేంత సందు ఒకటుంటది,
రాలిన కాయ ఊడ్సుకునేటోళ్లకే ఎరుక.
ఆ రాత్రి ఆన్నే ఒరిగిన, చీపురు తలకింద పెట్టుకొని.
ఆఖరి ఆటో పోయింది.
కాశిబుగ్గ దాక నడిసే కాళ్లు లేవు.

నిద్ర పట్టిందో లేదో,
చెప్పుల చప్పుడు. రెండు జతలు.
ఒకటి కిర్రుమంటది, ఒకటి ఈడుస్తది.

"తెల్లారేసరికి తేజను లేపెయ్యాలె."

మెల్లగనే అన్నడు గని
దాస్తె దాగే గొంతు గాదది.
రోజు పొద్దున జెండా పాట పాడే గొంతు.
మిర్చి సీజన్ల వెయ్యి మంది రైతుల పానం
ఆ గొంతుతోని ఎక్కుతది, దిగుతది.

తేజ అంటే మిరపకాయ.
సన్నగ, ఎర్రగ, నాలిక మీద నిప్పు.
నా ఈపుకు ఒత్తుకుంటున్న బస్తాల ఉన్నది తేజనే.
లేపుడంటే లారీకెత్తుడు.
రోజు ఇనే మాటనే గదా అని
అటు మర్లి పండుకోబోయిన.

"కాంట కాడికి నాలుగింటికి ఒక్కడే వస్తడు."

వస్తడు.
బస్తా వస్తడా?

తేజ అంటే పిలగాడు గూడ.
మొగిలిచర్ల నుంచి ఎక్సెల్ బండి మీద వస్తడు, కాంట కాడ చిట్టీలు రాస్తడు.
పోయిన శుక్రారం బస్తాకు రెండు కిలోలు కోసిండ్రని
రైతు పక్కన నిలవడి అందరి ముందట లొల్లి వెట్టిండు.
నాకు చాయ తాగిస్తడు.
"సారవ్వా, కండ్లల్ల కారం వడ్తది, పైలం" అంటడు.

"లెక్క?"
"ఇరవై. పది ముందుగాల."

ఇరవై వేలు క్వింటా తేజ ధర.
మనిషి ధర నాకేం ఎరుక,
నన్నెప్పుడు ఎవ్వలు అడగలే.

గప్పుడు మొదలైంది ముక్కుల.
ఇరవై ఏండ్లాయె ఈ ఘాటు పీల్సబట్టి,
సచ్చిపోయిందనుకున్న నా ముక్కు.
ఇప్పుడే లేసింది.
కొంగు కుక్కుకున్న. పెదిమె కరుసుకున్న.
మేడారం తల్లులకు నిలువెత్తు బంగారం మొక్కిన,
బెల్లం కిలో ఎంతుందో సోయి లేకుంట.

చెప్పులు కదిలినయి.
కిర్రు. ఈడుపు. కిర్రు.
ఇగ పోయిండ్రు అనుకున్నంక
వచ్చింది.

ఒక్కటే.

రేకులు గూడ ఇన్నయి.
రెండోది వస్తె జంట తుమ్మాయె, మంచిదంటరు.
రాలే.

టార్చి ఎలుగు బస్తాల మీద పాక్కుంట
నా కాలి మెట్టె దాక వచ్చి ఆగింది.

"పిల్లి."
"పిల్లి గిట్ల తుమ్ముతదా?"

ఎంతసేపో ఎవ్వలు మాట్లాడలే.
ఈడ్సుకుంట నడిసేటోడు అన్నడు,
"ఒంటి తుమ్ము. నేను రాను పో."
"పైసలు తీసుకున్నవు."
"తుమ్మినంక మేము గడప గూడ దాటం."

తెల్లారింది.
తేజ నాలుగుంబావుకు వచ్చిండు, చెవులకు మఫ్లర్ కట్టుకొని.
బస్తాలు లెక్కవెట్టిన, ఎనభై ఆరు, యాడియి ఆడ్నే.
మిరపకాయ పోలే. మనిషి పోలే.
ఠాణాకు పోతె ఏం పోయిందని అడుగుతరు.
"ఒక్కనివే రాకు బిడ్డా" అంటె
"నా బదులు నువ్వు రాస్తవా చిట్టీలు?" అని నవ్విండు.

ఎనిమిదింటికి జెండా పాట.
పందొమ్మిదిన్నర కాడ ఎత్తుకున్నది గొంతు, ఇరవై దాటిచ్చింది.
రైతులు తువ్వాలలు దులుపుకున్నరు.
నా పక్కపొంటి పోవుకుంట
మొకం సూడకుంటనే,
వాన పడేటట్టున్నదని చెప్పినట్టు
"ఇంకొక్కటి తుమ్మకపోతివి, సారవ్వా" అన్నడు.

గప్పటి సంది
నాలుగింటికి కాంట కాడ ఊడుస్తున్న,
ఊడ్సిన జాగనే మల్ల ఊడుస్తున్న.
కొంగుల ఒక ఎండు తేజకాయ ముడేసుకున్న.
తొడిమె తీసే పెట్టుకున్న.