వీసమెత్తు ట్యాంకు

"ఒక ట్యాంకు కొందామనుకుంటున్నా" అన్నాను.
ఆండాళు చపాతీ తిప్పుతూనే
"వెయ్యి లీటర్లదా, ఐదువందలదా?" అంది.
మిద్దె మీద మా నల్ల ట్యాంకు అడుగున చీలి
రెండేళ్ళుగా ఎంసీల్ ముద్దల మీద బతుకుతోంది.
చెన్నైలో ట్యాంకంటే నీళ్ళే.
నేనన్నది ఫిరంగి ఉన్నది.

ఆవడి ఫ్యాక్టరీ స్టోర్సులో
పంతొమ్మిదేళ్ళుగా గొలుసు పట్టాల పిన్నులు లెక్కపెడుతున్నాను.
నూరేసి ఒక పెట్టె, పెట్టెకో చీటీ,
చీటీ కింద నా సంతకం.
గేటు దాటి టెస్టు ట్రాకు మీదికి ఉరికే ప్రతి బండిలో
నా చేతి మీదుగా పోయిన ఇనుముంది.
ఎక్కి కూర్చున్నది మాత్రం లేదు.
స్టోర్సువాడికి మూత తెరవరు.

రిచీ స్ట్రీట్‌లో మెట్ల కింద సెల్వమణి కొట్టు.
"బడ్జెట్ ఎంత సార్?"
"ఏడు వేలు."
ఆ మాట నోట్లోంచి వచ్చేసరికే చిన్నదైపోయింది.

పై అరలోది పద్దెనిమిది వేలు.
ఇనుప పట్టాలు, ఇనుప గేర్లు,
వెనక గొట్టంలోంచి పొగ కూడా.
నా చేతుల్లో పెట్టి, నాలుగున్నర కిలోలనిపించి,
పుట్టిన బిడ్డను చూపించి తీసుకుపోయే నర్సులా
వెంటనే వెనక్కి తీసుకున్నాడు.
కింది అరలోది మూడు వేల రెండొందలు.
దానికి ఆగడం తెలుసు, ఉరకడం తెలుసు,
నడవడం తెలీదు.
"గేర్లు ప్లాస్టిక్కు. ఇసకలో వేస్తే పదిరోజులు సార్."
నిజం చెప్పే కొట్టువాడితో ఇదే చిక్కు,
చౌకది కొననివ్వడు.

"స్కేలు ఒకటికి పదహారు" అన్నాడు.
మా నాయనమ్మ చింతపండు తూచిన లెక్క గుర్తొచ్చింది.
కాలులో సగం పరక. పరకలో సగం వీసం.
పదహారో వంతుకి మాకు సొంత పేరుంది!
అక్కడే నిలబడి లెక్క కట్టాను:
పొడవులో వీసం,
బరువులో వీసంలో వీసంలో వీసం.
సెల్వమణి ఓపిగ్గా టీ తెప్పించాడు.

టీ అయ్యాక, బల్ల కిందనుంచి, పాత గుడ్డలో చుట్టినది తీశాడు.
వేలచ్చేరి కుర్రాడెవరో అమ్ముకున్నది.
గేర్లు ఇనుమే. పొగ మోటారు కాలిపోయింది.
ఎడమ పట్టా తెగింది, ఒక పిన్ను లేదు.
తల కుడికే తిరుగుతుంది,
ఎడమకి చూడాలంటే చుట్టంతా తిరిగి రావాలి.
మా సెక్షన్ ఆఫీసరూ అంతే.
ఆరు వేల ఆరొందలు.
గేర్లకి డబ్బు పెట్టొచ్చు, పొగకెందుకు?
మిగిలిన నాలుగొందలకి చార్జరు.
మూర్ మార్కెట్‌లో లోకల్ ఎక్కి
ఆవడి దాకా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.
వేరుశనగలమ్మే ఆమె "మిక్సీయా అన్నా?" అంది.
తలూపాను.

ఇంట్లో పిన్ను దగ్గర ఆగిపోయాను.
రోజూ వేల పిన్నులు చూసేవాణ్ణి.
ఒక్క మేకు ఇంటికి తెచ్చిన పాపాన పోలేదు,
తెచ్చినా అది పదహారింతలు లావు.
అగ్గిపుల్ల పెట్టాను, విరిగింది.
చీపురుపుల్ల వంగింది.
ఆండాళు అంతసేపూ పలకలేదు.
గాజుకున్న పిన్నీసు తీసి బల్ల మీద పెట్టి
గిన్నెలు కడగడానికి వెళ్ళిపోయింది.
తుంచి, ఆకురాయితో రుద్ది, గుచ్చాను.
చిన్న టిక్కు.

రాత్రి మిద్దె మీద
నల్ల ట్యాంకు కారుతోంది.
ఆ నీరు సిమెంటు మీద సన్నగా పారి తూముకి పోతోంది.
మా బండి గట్టున ఒక్క క్షణం తటపటాయించి
ముక్కు వంచి, దిగి, దాటింది.
తడి మీద రెండు గీతలు.
"ఇటియ్యి" అంది ఆండాళు.
రిమోట్ ఇచ్చి, జేబులో చీటీ పుస్తకం తీసి,
అలవాటు కొద్దీ రాశాను:
పిన్ను, ఒకటి. ఇచ్చినది, ఆండాళు.
"బోనసొస్తే మాత్రం వెయ్యి లీటర్లదే" అంటోంది,
కళ్ళెత్తకుండా, మీటలు నొక్కుతూ.
నేను దానికి ఎడమ పక్కన ఉన్నాను.
ఫిరంగి నన్ను చూడ్డానికి
అటునుంచి, మెల్లగా,
చుట్టంతా తిరిగి వస్తోంది.