ముప్ఫై నాలుగు బై పద్దెనిమిది

మార్చి నెల సోమవారం, కళింగపట్నం మలుపులో
గేర్లు మార్చే ఇనప చెయ్యి విరిగి
వెనక చక్రం చువ్వల్లోకి దూరింది.
సైకిలు పడింది, నేను పడలేదు.
సంచిలో రిజిస్టరు ఉత్తరాలు ఏడూ క్షేమం.

గారలో తవిటయ్య కొట్టు ముందు
చక్రాలు పైకెత్తి బోర్లా పడుకోబెట్టాం దాన్ని.
ఇరవై ఒక్క గేర్లని చెప్పి అమ్మాడు శ్రీకాకుళం షాపువాడు.
నాలుగేళ్లలో నేను వాడుకున్నవి మూడే.
మిగతా పద్దెనిమిదీ ఉప్పుగాలి తినేసింది.

"తీసి పారేద్దునా?" అన్నాడు తవిటయ్య.
"ఒక్కటుంచుదాం. ఒక్కటంటే ఒక్కటే.
ఏది ఉంచాలో నువ్వు సెప్పాలి, నాను కాదు."

ముందువైపు మధ్య చక్రం, ముప్ఫై నాలుగు పళ్లు.
దాన్ని మార్చలేం, రివెట్లు కొట్టేసుంది.
వెనక్కి మాత్రం పాత బిస్కెట్ల డబ్బాలోంచి
మూడు ఫ్రీవీళ్లు తీసి గోనెపట్టా మీద పరిచాడు:
పదహారు, పద్దెనిమిది, ఇరవై.
కిరసనాయిలు వాసన. వేలితో తిప్పితే
ఒక్కోదానిది ఒక్కో రకం చిటపట.

"పళ్లు తగ్గితే జోరు, మోకాలికి బరువు.
పళ్లు పెరిగితే కొండకి సుకం, సాపు రోడ్డు మీద
కాళ్లు గిరగిరా తిరగడమే గాని బండి ముందుకెల్లదు.
ఇప్పుడు సెప్పు, నీ దారేటి?"

నా దారి ఎలా ఉంటుందని ఇంతవరకూ ఎవరూ అడగలేదు.
ఆఫీసులో కిలోమీటర్లు అడుగుతారు.

టైర్ల మీద కూర్చుని చెప్పాను:
పొద్దున నిండు సంచి, చదును రోడ్డు, జీడితోటల నీడ.
పన్నెండింటికి లైట్‌హౌసు వైపు తిరగ్గానే
చాతీ మీద అరచెయ్యి పెట్టి నెట్టినట్టు
సముద్రం ఎదురొస్తుంది.
పడవల దగ్గర ఇసక. అది ఏ గేరుకీ లొంగదు.
ఇంకా శాలిహుండం కొండ,
పైన మ్యూజియం కాపలా అసిరయ్యకి ఒక కవరు,
ఆ ఒక్క కవరుకీ కొండంతా ఎక్కాలి.

"కొండ ఎన్నాళ్లకోసారి?"
"నెలకి."
"గాలి?"
"రోజూ."

ఇరవైని డబ్బాలో వేసేశాడు.
ఒక్క రోజు కొండ కోసం
ముప్ఫై రోజులు ఉత్తినే తొక్కుతావేటి, అని గొణిగాడు.
పదహారు నా అరచేతిలో పెట్టాడు.
"నీ వయసుకి ఇది బాగుంతాది.
నలభై దాటాక తిట్టుకుంతావు."

నాకు నలభై రెండని చెప్పలేదు.
పద్దెనిమిది తీసుకున్నాను.

చైను ఒక కన్ను మూసి చూశాడు, వంకర పోతోంది.
నీళ్ల పైపు ముక్క కోసి ఉంగరంలా తొడిగాడు,
మళ్లీ చూశాడు, లంకెలు కొన్ని కొట్టేశాడు.
అప్పుడు తలుపు మీద సుద్దముక్కతో లెక్క రాశాడు.
పెడలు ఒక చుట్టు తిరిగితే
చక్రం రెండు చుట్లకి కొంచెం తక్కువ.
"ఆ కొంచెం తక్కువలోనే నీ మోకాలుంది."

ముప్ఫై నాలుగు బై పద్దెనిమిది.
నాకది డోరు నంబరులా కనిపించింది.
వీధి పేరు లేదు, పిన్‌కోడు లేదు,
అయినా వెతికి ఇచ్చేయగలననిపించింది.

ఇప్పుడు చదును రోడ్డు మీద
ఇస్కూలు పిల్లలు నన్ను దాటేసి బెల్లు కొడతారు.
ఇంకా జోరుగా పోవాలని ఉంటుంది, కాళ్లకి పని దొరకదు.
గాలిలో మాత్రం లేచి నిలబడక్కర్లేదు.

హ్యాండిలు మీది గేరు మీట తియ్యనివ్వలేదు నేను.
దానికి తీగ లేదు.
కొండ మొదలవగానే బొటనవేలు వెళ్లి నొక్కుతుంది,
టిక్కుమంటుంది,
కింద ఏదీ మారదు.
మూడో మలుపు దాకా తొక్కి దిగుతాను.
తోసుకుంటూ వస్తుంటే అసిరయ్య పైనుంచి అరుస్తాడు:
"పోస్టమ్మా, సైకిల్ని నువ్వు తెత్తన్నావా,
నిన్నది తెత్తన్నాదా?"

ఊపిరి అందాక కవరిచ్చి
సంతకం ఎక్కడ పెట్టాలో చూపిస్తాను.