సగం చీకటి

తాటిపాక సెంటర్లో మా హాలుకి
దెయ్యాలు పంటు మీద వచ్చేవి.
నరసాపురంలో నాలుగు వారాలు ఆడి, అలిసిపోయి,
రేకు పెట్టెల్లో పద్నాలుగు చుట్టలుగా ముడుచుకుని
సఖినేటిపల్లి రేవులో దిగేవి.
బస్సు టాపు మీద వాటి పక్కనే కూర్చుని తెచ్చేవాణ్ణి.

ఆపరేటర్ గుబ్బల మోషే
మూత తియ్యగానే ముందు వాసన చూసేవాడు.
"ఎన్నూళ్ళు దడుసుకున్నాయో
పిల్ము మీద గీతలే చెప్తాయిరా" అనేవాడు.

తొమ్మిదో రీల్లో
దీపం పట్టుకుని ఆవిడ నూతి దగ్గరకొచ్చే చోట
ఎక్కడో తెగింది, ఎవరో అతికారు.
పదకొండు ఫ్రేములు పోయాయి.
డైరెక్టరు ఆవిణ్ణి మెల్లగా నడిపించాడట.
మా ఊళ్ళో మాత్రం ఆవిడ
నూతి దగ్గర లేదు,
ఉంది.
బెంచీ వాళ్ళు కాళ్ళు పైకి లాక్కున్నారు.
నేల వాళ్ళకి లాక్కోడానికి చోటు లేదు.
జిగురు సీసా మూత బిగిస్తూ మోషే నవ్వాడు.

కర్బన కడ్డీ అరిగితే తెరంతా కామెర్లు.
తెర వెనక ఒక్కటే స్పీకరు, దానికి జలుబు.
గోడవతల బోదెలో కప్పలు అందుకుంటే
"ఈ ఆట సౌండు బాగుంది" అనుకుంటూ వెళ్ళారు జనం.

ఒక మధ్యాహ్నం షట్టర్ రెక్క చేత్తో తిప్పి చూపించాడు.
"బొమ్మ కిందకి జరిగినప్పుడల్లా ఇది అడ్డొస్తది.
మూడు గంటల సినిమాలో
గంటన్నర తెర మీద ఉత్త చీకటే.
కంటికి తెలీదు గానీ
ఒంటికి తెలుస్తది."

పాసర్లపూడిలో గ్యాసు బావి పేలిన చలికాలం
రెండు నెలలు మాకు రాత్రి రాలేదు.
కొబ్బరి మొవ్వులు అర్ధరాత్రి ఎర్రగా మెరిసేవి.
అప్పుడే తెలివితక్కువగా దెయ్యం సినిమా వేశాం.
రెండో ఆట వదిలాక
కాలవగట్టు మీద ఎవరి నీడ వాళ్ళకి కనబడుతుంటే
ధరల గురించి మాట్లాడుకుంటూ ఇళ్ళకి పోయారు.
కలెక్షను టీ ఖర్చులకి రాలేదు.

తరవాత గోడలకి డబ్బాలు బిగించారు.
అడుగుల చప్పుడు మొదటిసారి వీపు వెనకనించి వచ్చినప్పుడు
హాలు మొత్తం తల తిప్పి చూసింది,
పైన చిన్న కిటికీలో ఉన్న
నన్ను.
ఆ ఒక్క క్షణం నేనే.

ఆ తరవాత కంప్యూటరు వచ్చింది.
దెయ్యానికి జుట్టు వచ్చింది, వెంట్రుకకి వెంట్రుక విడివిడిగా.
గోడెక్కింది, కప్పు మీద బల్లిలా పాకింది,
మెడ వెనక్కి విరుచుకుని మళ్ళీ తగిలించుకుంది.
అన్నీ వచ్చాయి దానికి,
నూతి గట్టు పట్టుకుని కాసేపు ఊరికే నిలబడే
తీరిక తప్ప.

ఇప్పుడు పెట్టె రాదు.
సినిమా ఆకాశంలోంచి దిగుతుంది, తాళం వేసుకుని.
తాళంచెవి హైదరాబాదునించి అంకెల్లో పంపుతారు.
గడువు దాటిందా, దెయ్యమైనా సరే గడప దాటదు.
వందో ఆటలోనూ మొదటి ఆట మొహమే,
ఒక్క గీత ఉండదు.
షట్టరూ లేదు.
ఆ గంటన్నర ఎక్కడికి పోయిందని అడగడానికి
మోషే లేడు.

మోషే మనవరాలు షారోను
దోమతెరలో ముసుగు తన్ని, చెవుల్లో వైర్లు పెట్టుకుని
అరచేతిలో దెయ్యాల్ని చూస్తుంది.
అస్సలు భయం లేదంటుంది. నాకు నమ్మకమే.
మొన్న వానకి సిగ్నలు తగ్గి
ఆవిడ మొహం మధ్యలో నిలిచిపోయింది,
ఒక కన్ను కన్నుగా,
రెండోది చదరాలు చదరాలుగా జారుతూ.
కెవ్వున అరిచి పక్కింట్లో ఉన్న నా దగ్గరకి పరిగెత్తుకొచ్చింది.

"ఇది డైరెక్టరు పెట్టిందేనా, బాబాయ్?"

ఫోను అందుకుని చూశాను.
చక్రం తిరుగుతోంది.
కాదమ్మా అన్నాను,
ఇది మీ తాత పనిలా ఉంది.